పదునుగల క్యారెట్టు రొట్టె



వాన వెలిసిన వెంటనే మన రైతు నాగలి కట్టడు. చేనిలోనికి పోయి, గుప్పెడు మట్టి తీసి పిడికిట నొక్కి చూచును. మట్టి చేతి కంటుకొన్నచో “ఇంకను తడిగా నున్నది” అనును. ముద్దకట్టిన మట్టి క్రింద విడిచినంతనే చిట్లి విరిసినచో “పదునైనది” అనును. తడి వేరు, పదును వేరు. తడి పైకి కనబడు నీరు. పదును పదార్థము తనలో పట్టి యుంచుకొన్న నీరు. కోయంబత్తూరు ప్రాంతపు నల్లరేగడి నేలలలో తరతరములుగా సేద్యము చేసిన తెలుగు కుటుంబములకు ఈ భేదము క్రొత్తది కాదు. ఈ వ్యాసమున ఆ మాటను పొలమునుండి వంటింటికి తెచ్చి, క్యారెట్టు రొట్టెకు అన్వయింతము.

రొట్టె యనగానే మనకు జొన్నరొట్టె, సజ్జరొట్టె తోచును. ఇది అట్టి పలుచని రొట్టె కాదు. దిబ్బరొట్టె వలె మందమై, మూతబెట్టిన పాత్రలో నలువైపుల వేడిమి సోకగా పొంగి కాలునట్టిది. అంగడి బ్రెడ్డు వలె దీనికి పులియుటకై ఈస్టు అక్కఱలేదు. పెరుగును వంటసోడాయు కలిసి పొంగించును. ఇట్టి రొట్టెను ఇంట చేయువారు సాధారణముగా చెప్పుకొను కష్టమొక్కటే: చేసిననాడు బాగుగ నుండి, మరునాటికి ఎండి పొడిపొడి యగును. దానికి విరుగుడుగా కొందఱు పిండిలో నీరు పోయుదురు. అప్పుడు నడుమ ఉడకక జిగురుగా మిగులును. వారు కోరినది పదును, చేసినది తడి.

మొదట క్యారెట్టును గూర్చి తెలిసికొందము. నిఘంటువులలో దీనికి గాజరగడ్డ యని పేరు. మనము తినునది నారింజవన్నె గలది. ఇది చల్లని కొండనేలల పంట. 1819లో కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివన్ నీలగిరుల కెక్కి, తరువాత నచట ఐరోపా కూరగాయల సాగునకు దోహదము చేసెను. నీలగిరులు అప్పుడు కోయంబత్తూరు జిల్లాలోనివే; 1868లో వేఱుపడెను. నేడును కేత్తి లోయ మొదలగు తావుల క్యారెట్టు మేట్టుపాళయము మండీకి దిగి, అచటినుండి మనకు చేరుచున్నది. మధురవారికి కొడైకానలు కొండలలోని పూంబారై, మన్నవనూరు గ్రామములు అట్టి చోటులు. క్యారెట్టును పిండివంటలలో చేర్చుట ఐరోపాలో పాత యలవాటు. రెండవ ప్రపంచయుద్ధమున బ్రిటనులో 1940 జనవరి మొదలు పంచదారకు రేషను పెట్టగా, గృహిణులు తీపికొఱకు దీనినే ఆశ్రయించిరి. ఆ రేషను 1953 వఱకు సాగెను.

ఇక పదునునకు కారణములు విచారింతము. అవి నాలుగు.

మొదటిది క్యారెట్టు. దీని బరువులో ఇంచుమించు నూటికి 88 పాళ్లు నీరే. 200 గ్రాముల తురుములో దాదాపు 175 గ్రాముల నీరుండును. అయినను అది గిన్నెలో పోసిన నీటివలె ఒక్కమాఱు పిండిని తడిపివేయదు. పీచుతో గూడిన కణముల గోడలలో నిలిచి, వేడిమి తగిలినకొలది మెల్లమెల్లగా వెలువడును. కావున తురుమును పిండి, రసము పారవేయరాదు. రెండవది బెల్లము. దానికి నీటిని పట్టియుంచు గుణము గలదు. బెల్లము తగ్గించినచో తీపి మాత్రమే కాదు, పదునును తగ్గును. మూడవది నూనె. నేయి చల్లారిన గడ్డకట్టును. నూనె ద్రవముగనే యుండి రొట్టెను మెత్తగా నిలుపును. క్యారెట్టునకు వన్నె నిచ్చు బీటాకెరోటిను శరీరమున విటమిను ‘ఏ’గా మారును, కొవ్వు తోడైననే అది మనకు బాగుగ ఒంటబట్టును. నాలుగవది పిండి. అందలి పిండిపదార్థము 60 డిగ్రీలు దాటిన పిదప నీటిని పీల్చి ఉబ్బి, ఆ నీటిని బంధించును. గోధుమలోని జిగురు, ఎక్కువ కలిపినకొలది సాగి బిగియును. అప్పుడు రొట్టె గట్టిపడును.

కావలసిన వస్తువులు: గోధుమపిండి 100 గ్రాములు, మైదా 100 గ్రాములు, క్యారెట్టు తురుము 200 గ్రాములు, బెల్లపుపొడి 150 గ్రాములు, వేరుసెనగనూనె 100 మిల్లీలీటర్లు, పుల్లని గట్టిపెరుగు 150 గ్రాములు, బేకింగు పౌడరు ఒక చిన్నచెంచా, వంటసోడా అరచెంచా, ఉప్పు పావుచెంచా, ఏలకులపొడి అరచెంచా. ఎండుద్రాక్ష యున్నచో గుప్పెడు. క్యారెట్టు వడలినదైనచో, పోయిన నీటికి బదులుగా రెండు చెంచాల పాలు చేర్చవచ్చును.

చేయు విధము: మందమైన పెద్దపాత్ర అడుగున వ్రేలి మందమున ఇసుకనో, ఉప్పునో పఱచి, దానిపై కుదురు పెట్టి, మూతవేసి, నడిమి మంటపై పది నిమిషములు కాగనిండు. కుక్కరు వాడువారు మూతకున్న రబ్బరు చుట్టును, వెయిటును తప్పక తీసివేయవలెను. లోన నీరు పోయరాదు. పెద్దలు తోడులేక దీనికి పూనుకొనకుడు. రెండు పిండ్లను సోడా, బేకింగు పౌడరు, ఉప్పు, ఏలకులపొడులతో రెండుసార్లు జల్లించుడు. వేఱొక గిన్నెలో బెల్లము, పెరుగు, నూనె కలిపి గిలకొట్టి, తురుము చేర్చుడు. పిదప పిండిని అందు వేసి, పొడి కనబడకుండు వఱకు మాత్రమే గరిటెతో త్రిప్పుడు. పిండి గరిటెనుండి ధారగా కారరాదు. ముద్దగా మెల్లగా జారవలెను. నూనె రాచిన గిన్నెలో సగమునకు కొంచెము మించి నింపి, ఆలసింపక పాత్రలో దింపుడు. సోడా పెరుగుతో కలిసినది మొదలు బొగ్గుపులుసు వాయువు వెలువడుచుండును. తడవు చేసినచో అది వృథాగా పోవును.

సన్నని మంటపై సుమారు ఒక గంట కాలును. ఓవెను గలవారు 180 డిగ్రీల వేడిమిలో 50 నిమిషములు ఉంచవచ్చును. మొదటి 35 నిమిషములు మూత తీయరాదు. చల్లగాలి తగిలిన నడుమ క్రుంగును. పిదప సన్నని పుల్ల గ్రుచ్చి చూడుడు. పుల్లకు పచ్చిపిండి అంటినచో అది తడి, మఱికొంతసేపు ఉంచుడు. ఒకటి రెండు మెత్తని పలుకులు మాత్రమే అంటినచో అది పదును, దింపుడు. పుల్ల పూర్తిగా ఎండి వచ్చువఱకు కాచుకొన్నవారు మరునాడు పొడి తినవలసివచ్చును.

పది నిమిషములు గిన్నెలోనే ఆఱనిచ్చి, బోర్లించిన జల్లెడపై దింపి, పూర్తిగా చల్లారిన పిదపనే కోయుడు. వేడిగ నున్నప్పుడు కోసిన ఆవిరితోపాటు పదును పోవును. మూతగల డబ్బాలో ఉంచినచో లోపలి చెమ్మ అంతట సమముగా ప్రాకి, మరునాడు రుచి హెచ్చును. మన ఎండలకు రెండు దినములకు మించి బయట నిలువ ఉంచరాదు, బూజు పట్టును. ఫ్రిజ్జులో పెట్టినచో బూజు ఆగును గాని, ఆ చలువకు పిండిపదార్థము త్వరగా గట్టిపడును.

ఇంత చెప్పుటకు వేఱొక కారణము గలదు. మనలో పలువురము ఇంట తెలుగు పలికి, వీథిలో తమిళము పలికి, వంటల పుస్తకమును ఇంగ్లీషున చదువుదుము. తమిళులును పాకము కుదిరినదా యని చూచుటకు “పదం” అను చక్కని మాట వాడుదురు. మన ఇండ్లలో మాత్రము తడి, చెమ్మ, పదును అను మూడు మాటల స్థానమున ఒక్క “సాఫ్టు” అను మాట వచ్చి కూర్చుండుచున్నది. మూడు పేర్లుండగా మూడు స్థితులు చేతికి తెలియును. ఒక్క పేరు మిగిలినచో చేయి తికమకపడి నీరు పోయును. అవ్వ పిండిని తాకి చెప్పు మాట కేవలము మాట కాదు, అది కొలత.

అభ్యాసము: 1. ఒక క్యారెట్టును తురిమి తూచి, కరకరలాడువఱకు ఎండలో ఎండబెట్టి, మరల తూచుడు. పోయిన నీరెంతయో లెక్కింపుడు. 2. పిండి, పాకము, మట్టి—ఈ మూడింటి స్థితులను దెలుపుటకు మీ ఇంటి పెద్దలు వాడు తెలుగు మాటలను అడిగి, ఒక్కొక్క దానికి అర్థము వ్రాసి, తరగతికి తెండు.