జ్వరం తగ్గలేదు, రిపోర్టులో ఏమీ లేదు: ఎందుకు?

రక్త క్యాన్సర్‌కు వైద్యం పొందుతున్న పిల్లల తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్న ఇది: "రక్త పరీక్షలో ఏ క్రిమీ లేదన్నారు. మరి ఇంకా స్కాన్లు దేనికి?" దీనికి జవాబు తెలుసుకుందాం.

ఎవరికి ప్రమాదం?

బూజు జాతి ఫంగస్ బీజాలు గాలిలో, దుమ్ములో, మట్టిలో ఎప్పుడూ ఉంటాయి. మనం రోజూ వాటిని పీలుస్తూనే ఉంటాం. న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు వాటిని చంపేస్తాయి. కీమోథెరపీ వల్ల ఈ కణాలు 500 కన్నా తగ్గి, పది రోజులు దాటినా పెరగకపోతే ఫంగస్ ఊపిరితిత్తులకు, రక్తానికి, సైనస్‌లకు పాకవచ్చు.

ఎప్పుడు అనుమానించాలి?

యాంటీబయాటిక్స్ ఇచ్చినా నాలుగు రోజులు దాటి జ్వరం తగ్గకపోతే డాక్టర్లు ఫంగస్ కోసం వెతుకుతారు. కొన్నిసార్లు జ్వరం ఒక్కటే గుర్తు.

ఏ పరీక్షలు చేస్తారు?

* బ్లడ్ కల్చర్: కాండిడా అనే ఫంగస్ దీనిలో కనబడవచ్చు. కానీ చాలాసార్లు తప్పించుకుంటుంది. ఆస్పర్‌జిల్లస్ రక్తంలో పెరగడం చాలా అరుదు.
* ఛాతీ సి.టి. స్కాన్: ఎక్స్‌రేలో కనబడని చిన్న మచ్చలు కూడా ఇందులో తెలుస్తాయి.
* గాలక్టోమానన్ పరీక్ష: ఆస్పర్‌జిల్లస్ విడుదల చేసే పదార్థాన్ని రక్తంలో గుర్తిస్తుంది. అయితే 2021లో కోవిడ్ సమయంలో మనం "బ్లాక్ ఫంగస్" అని విన్న మ్యూకర్ జాతిని ఇది పట్టలేదు.
* బ్రాంకోస్కోపీ, బయాప్సీ: సన్నని గొట్టంతో ఊపిరితిత్తుల నుండి ద్రవం, లేదా మచ్చ ఉన్నచోటు నుండి చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు. ఏ ఫంగస్సో తేల్చడానికి ఇవి బాగా ఉపయోగపడతాయి. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉంటే రక్తస్రావం భయం వల్ల వాయిదా వేయవలసి రావచ్చు.

ఏ ఒక్క పరీక్షా పూర్తి జవాబు ఇవ్వదు. "కనబడలేదు" అంటే "లేదు" అని అర్థం కాదు. అందుకే పరీక్షలు మళ్ళీ చేస్తారు. అనుమానం బలంగా ఉంటే, రుజువు దొరికేవరకు ఆగకుండా ఫంగస్ మందు మొదలుపెడతారు. ఆలస్యమైతే ప్రాణాపాయం.

మీరు చేయవలసినవి

* జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చేరితే, రాత్రయినా సరే, వెంటనే ఆసుపత్రికి తెలపండి. అడగకుండా జ్వరం మందు వేయకండి. అది జ్వరాన్ని దాచేస్తుంది.
* దగ్గు, ఛాతీ నొప్పి, దగ్గినప్పుడు రక్తం, ముఖం ఒకవైపు వాపు, ముక్కులో లేక అంగిలి మీద నల్లని మచ్చ కనిపిస్తే అదే రోజు చెప్పండి.
* బిడ్డను కట్టడం పనుల దుమ్ముకు దూరంగా ఉంచండి. పూలకుండీలను గదిలో పెట్టకండి.
* రిపోర్టు బాగుందని చెప్పకుండా ఇంటికి తీసుకువెళ్ళకండి.

రోజంతా బిడ్డ పక్కన ఉండేది మీరే. మీరు గమనించి చెప్పే చిన్న మార్పు ఏ పరీక్ష ముందు చేయాలో డాక్టరుకు దారి చూపుతుంది. సందేహం ఉంటే సంకోచించకుండా అడగండి.