సైకిల్ దారులు వేసే చదువూ ఉంది

ఎంపీసీ అంటే సీఎస్ఈ. కాకపోతే దానికి ఏఐ అనో, డేటా సైన్స్ అనో ఒక తోక. నా దగ్గరికి కౌన్సెలింగ్‌కు వచ్చే తల్లిదండ్రుల్లో ఎక్కువమంది ఇంతకు మించి వినరు. కన్వీనర్ కోటాలో రాకపోతే అప్పు చేసైనా మేనేజ్‌మెంట్ సీటు కొంటామంటారు. పక్కనే కూర్చున్న అమ్మాయిని నీకేం ఇష్టమని ఒక్కరూ అడగరు. ఆ అమ్మాయేమో కాలేజీకి సైకిల్ మీద వెళ్లాలంటే ఇంత భయమెందుకని ఆలోచిస్తూ ఉంటుంది. ఆ ప్రశ్నకు జవాబు వెతికే చదువు ప్లానింగ్, అంటే పట్టణ ప్రణాళిక.

సైకిల్ ట్రాక్ అంటే రోడ్డు పక్కన రంగు పూయడం కాదు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు వెంట 2023లో సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల ట్రాక్ వచ్చింది. పొద్దున్నే వ్యాయామానికి వెళ్లేవాళ్లకు అది బాగుంది. కానీ కాలనీ నుంచి కాలేజీకీ, బస్టాప్‌కీ వెళ్లేవాళ్లకు కావలసింది ఊరంతా అల్లుకున్న దారులు. స్పెయిన్‌లోని సెవిల్ నగరం 2006, 2007లలో సుమారు 80 కిలోమీటర్ల దారులను ముక్కలు ముక్కలుగా కాకుండా ఒకదానితో ఒకటి కలిసేలా వేసింది. కొన్నేళ్లలోనే అక్కడ సైకిల్ ప్రయాణాలు ఎన్నో రెట్లు పెరిగాయి. అలాంటి దారులు వేయాలంటే ముందు ఎవరు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తున్నారో సర్వే చేయాలి. ప్రమాదాలు జరిగే చోట్లను మ్యాప్ మీద గుర్తించాలి. సరిగ్గా కూడలి దగ్గరే ట్రాక్ తెగిపోకుండా చూడాలి. పార్కింగ్ పోతుందని కోప్పడే దుకాణదారులకు నచ్చజెప్పాలి. లెక్కలూ కావాలి, ఓపికా కావాలి.

ఇంటర్‌లో మ్యాథ్స్ ఉంటే జేఈఈ మెయిన్ పేపర్ 2బీ ద్వారా విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ (ఎస్పీఏ)లో బీప్లానింగ్ చదవొచ్చు. బీటెక్ సివిల్ చదివినవాళ్లకు గేట్‌తో వరంగల్ ఎన్ఐటీలో ట్రాన్స్‌పోర్టేషన్ ఎంటెక్ ఉంది.

ఇక్కడా కోచింగ్ ఉచ్చులున్నాయి, జాగ్రత్త. 2బీలో డ్రాయింగ్ పరీక్షే లేదు. అది ఆర్కిటెక్చర్‌కు వెళ్లేవాళ్లు రాసే 2ఏలో ఉంటుంది. అయినా ప్లానింగ్ పేరు చెప్పి డ్రాయింగ్ క్లాసులు అంటగట్టేవాళ్లున్నారు. కంప్యూటర్‌లో మ్యాపులు తయారుచేసే జీఐఎస్ కోసం వేలకు వేలు పోసి సర్టిఫికెట్లు కొనడమూ అనవసరం. క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితం, ఇంట్లో కూర్చుని నేర్చుకోవచ్చు.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఈ రంగంలో తొలి జీతం పెద్ద సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలతో పోటీ పడదు. ప్రభుత్వ పోస్టులు తక్కువ, కన్సల్టెన్సీల్లో కాంట్రాక్టు పనులే ఎక్కువ. అందుకే అప్పు చేసి ప్రైవేటు కాలేజీలో ఈ కోర్సు చదవమని నేను చెప్పను. ప్రభుత్వ సంస్థలో సీటు వస్తేనే చేరండి. లేదంటే మంచి ప్రభుత్వ కాలేజీలో సివిల్ చదివి, పీజీలో ఇటు రండి. నాకు ఈ రెండో దారే ఎక్కువ ఇష్టం, వెనక్కి తిరిగినా చేతిలో ఒక డిగ్రీ ఉంటుంది కాబట్టి.

దరఖాస్తు చేసే ముందు ఓ వారం పొద్దున పూట మీ దగ్గరి కూడలిలో నిలబడండి. ఎన్ని సైకిళ్లు ఎటు వెళ్తున్నాయో, ఎక్కడ దిగి నడిపించుకుంటున్నారో నోటుబుక్‌లో రాయండి. రెండో రోజుకే విసుగొస్తే ఈ కోర్సు మీకు కాదు. అమ్మానాన్నలు ఆ నోటుబుక్ చూశాకే నా దగ్గరికి రండి.