దీర్ఘవ్యాధి నుండి లేచినవారి దినచర్య

వ్యాధి తగ్గిన దినముననే బలము రాదు. జ్వరము విడిచినను జఠరాగ్ని మందముగానే ఉండును, కండరములు క్షీణించి ఉండును, మనస్సులో భయము మిగిలి ఉండును. జ్వరము విడిచినవారు బలము చేకూరువరకు వ్యాయామము, స్నానము, అధిక సంచారము మానవలెనని చరక సంహిత చికిత్సాస్థానమున చెప్పబడినది. గురుకులమున మేము మొదట నేర్చిన పాఠములలో ఇది యొకటి.

మా అక్కుపల్లి పరిసరములలో టైఫాయిడ్, కామెర్లు, క్షయ తగ్గి ఇల్లు చేరినవారిని అనేకులను చూచుచున్నాను. కొందరి ఇండ్లలో త్వరగా బలము రావలెనని మొదటి దినముననే మాంసము, నేయి, జీడిపప్పు పెట్టుదురు. కొందరు నెలలు గడచినను మంచము దిగనీయరు. మరికొందరు జీడిపిక్కలు ఏరు కాలము తప్పిపోవునని వారము తిరుగకమునుపే తోటకు పోవుదురు. మూడును హానికరములే.

ఆహారక్రమము: మొదట పలుచని బియ్యపు జావ, తరువాత చిక్కని జావ, ఆపైన పెసరకట్టుతో మెత్తని అన్నము, తుదకు అందరితోపాటు భోజనము. ముందు తిన్నది తేలికగా జీర్ణమై మరల ఆకలి వేసిననే పైమెట్టు ఎక్కవలెను. క్షయరోగులకు పప్పు, పాలు, గుడ్డు ఆకలినిబట్టి త్వరగా పెంచవలెను. బలము వచ్చినదని మందు మధ్యలో ఆపరాదు. సాధారణ క్షయకు 6 నెలల చికిత్స పూర్తి కావలెను.

పనిక్రమము: మొదట మంచముపై కూర్చుండుట, పిదప అరుగు వరకు, ఆపైన వీధి చివర వరకు నడక. తరువాత కూర్చుండి చేయు చిన్న పనులు. తోట పనికి చల్లని ఉదయవేళ ఒక గంటతో ఆరంభించవలెను. నేటి పని వలన కలిగిన అలసట రేపు ఉదయము వరకు మిగిలినచో ఆ పనిని సగము చేయవలెను.

ఉద్దానమున ప్రత్యేక జాగ్రత్త: ఇచ్చట దీర్ఘకాలిక మూత్రపిండవ్యాధి అధికము. 2023 డిసెంబరులో పలాసయందు కిడ్నీ పరిశోధన కేంద్రము, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైనవి. ఈ వ్యాధి టైఫాయిడ్ వలె వచ్చి పోవునది కాదు. కావున పైన చెప్పిన ఆహారక్రమము ఈ రోగులకు యథాతథముగా వర్తించదు. బలమునకని ఇచ్చు కొబ్బరినీళ్ళు, అరటిపండ్లలో పొటాషియము ఎక్కువ. మూత్రపిండములు దానిని బయటకు పంపలేనప్పుడు గుండెకే ప్రమాదము. పప్పు, ఉప్పు, నీటి కొలతలు కూడ చికిత్స చేయు వైద్యుడే నిర్ణయించవలెను. నొప్పి మాత్రలు, భస్మములు, కషాయములు స్వయముగా వాడరాదు. నా వద్దకు వచ్చినవారికైనను క్రియాటినిన్ పరీక్ష చూడనిదే లేహ్యము సైతము ఇవ్వను.

జ్వరము తిరిగివచ్చినను, బరువు తగ్గుచున్నను, పాదములు వాచినను, మూత్రము తగ్గినను వెంటనే ఆసుపత్రికి పోవలెను.

ఇక ఇంటివారికి ఒక మాట. ఇంటి పెద్ద నెలల తరబడి మంచమున ఉన్నప్పుడు ఖర్చులు, పిల్లల చదువు, పెండ్లి సంబంధములు ఆయనతో చెప్పకయే నిర్ణయించుట అలవాటగును. ఆయన లేచిన పిదప కూడ ఆ అలవాటు కొనసాగినచో తాను ఎవరికిని అక్కరలేనివాడనని క్రుంగిపోవును, తినుట కూడ తగ్గించును. తోటకు పోలేనివారు తోట లెక్క చూడగలరు. ఆ పుస్తకము వారి చేతికిచ్చి సలహా అడుగుడు.