సినిమా చూశాక పిల్లలతో నాలుగు మాటలు

‘పుష్ప’ సినిమా 2021 డిసెంబరులో విడుదలయ్యాక ఊరూరా పిల్లలు అందులోని హీరోలా గడ్డం కింద చెయ్యి తిప్పుతూ తిరిగారు. ఎర్రచందనం స్మగ్లర్ని హీరో అనుకుంటున్నారేమిటని చాలామంది తల్లిదండ్రులు కంగారుపడ్డారు. ఆ కంగారు సహజమే. అలాగని టీవీ కట్టేస్తే ఒరిగేదేమీ లేదు, పక్కింట్లో చూస్తారు. ఆ సినిమా తమనెలా మెప్పించిందో పిల్లలే కనిపెట్టేలా చేయండి.

ముందుగా ఒక్క మాట. వాళ్ల హీరోను తిట్టకండి. తిడితే సంభాషణ అక్కడే ఆగిపోతుంది. మీకు నచ్చిన సీను ఏదో చెప్పి మొదలుపెట్టండి.

చిన్నపిల్లలైతే ఒక ఫైటును సౌండు తీసేసి మళ్లీ చూపించండి. ఇందాకటి ఊపు ఏమైందని అడగండి. సంగీతం చేసే పని వాళ్లకే తెలుస్తుంది. కెమెరా కింద నుంచి పైకి చూసినప్పుడు హీరో ఎంత పెద్దగా కనిపిస్తున్నాడో గమనించమనండి.

హైస్కూలు పిల్లలతో ఇంకా లోతుగా మాట్లాడవచ్చు. తండ్రి ఇంటిపేరు దక్కక హీరో పుష్ప పడిన అవమానాలను దర్శకుడు సుకుమార్ మనకు చూపించాడు. అందుకే పుష్ప ఏం చేసినా మన మనసు అతని పక్షానే ఉంటుంది. ‘ఇదే కథను ఫారెస్టు గార్డు వైపు నుంచి చెబితే ఎలా ఉంటుంది? చెట్లు నరికే కూలీలు చివరికి ఏమవుతారు?’ అని అడగండి. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో ఎర్రచందనం కూలీలుగా చెబుతున్న 20 మంది పోలీసు కాల్పుల్లో చనిపోయారని, వాళ్లంతా తమిళనాడు నుంచి వచ్చినవాళ్లేనని చెప్పండి. తెర మీద లేనిదాన్ని కూడా ఆలోచించడం అప్పుడు అలవాటవుతుంది.

ప్రకటనలకూ ఇవే ప్రశ్నలు పనికొస్తాయి. చామనచాయ అమ్మాయి క్రీము రాసుకుని తెల్లబడగానే ఉద్యోగం వచ్చినట్టు ‘ఫెయిర్ అండ్ లవ్‌లీ’ ప్రకటనలు చూపించేవి. ఆ వాదన తప్పని ఎందరో ఏళ్ల తరబడి నిలదీశారు. 2020లో కంపెనీ ఆ క్రీము పేరులోంచి ‘ఫెయిర్’ అన్న మాటనే తీసేసింది. ప్రశ్నకు ఆ బలం ఉందని పిల్లలకు తెలియాలి.

‘పుష్ప’కు సెన్సారు వాళ్లు ఇచ్చింది యు/ఎ సర్టిఫికెట్. చిన్నపిల్లలు పెద్దల మార్గదర్శకత్వంలో చూడాలని దాని అర్థం. ఆ పెద్దలు మనమే. ఈ ఆదివారం ఫోను పక్కన పెట్టి, వాళ్ల పక్కన కూర్చుని చూడండి. తీర్పు మీరు చెప్పకండి, వాళ్లను చెప్పనివ్వండి.