పాఠం 14: బలమా, భావమా? మహిళల జిమ్నాస్టిక్స్‌లో మార్కుల లెక్క

14.1 పరిచయం

కూచిపూడి ప్రదర్శనలో తరంగం మీరు చూసే ఉంటారు. నర్తకి ఇత్తడి పళ్లెం అంచుపై నిలబడి, తాళం తప్పకుండా పళ్లేన్ని ముందుకు నడుపుతుంది. సభ చప్పట్లతో మారుమోగుతుంది. కొద్దిసేపటికి ఆమే యశోదగా మారి, కళ్లతోనే చిన్ని కృష్ణుణ్ణి మందలిస్తుంది. మొదటిది శరీర సాధన, రెండవది అభినయం. ఈ రెండింటికీ కలిపి ఒకే మార్కు వేయమంటే మీరు ఎలా వేస్తారు? కొన్ని క్రీడలలో న్యాయనిర్ణేతలు చేయవలసిన పని ఇదే.

14.2 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• జిమ్నాస్టిక్స్‌లో మార్కులు ఎలా వేస్తారో చెప్పగలరు.
• క్లిష్టతకు, కళాత్మకతకు గల సంబంధాన్ని ఉదాహరణలతో వివరించగలరు.
• మార్కుల విధానం సాధనపై చూపే ప్రభావాన్ని చర్చించగలరు.

14.3 ఒక అంకె నుంచి రెండు అంకెలకు

పూర్వం జిమ్నాస్టిక్స్‌లో అత్యధిక మార్కు 10. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో రుమేనియాకు చెందిన 14 ఏళ్ల నాదియా కొమనెచ్ ఆ మార్కు సాధించింది. 10 చూపే ఏర్పాటు లేనందువల్ల బోర్డుపై 1.00 అని కనిపించింది.

2006 నుంచి రెండు మార్కులను కలిపి ఇస్తున్నారు.

క్లిష్టత మార్కు: క్రీడాకారిణి ఎంత కష్టమైన విన్యాసాలు చేసిందో చెబుతుంది. దీనికి పై హద్దు లేదు.

ప్రదర్శన మార్కు: ఎంత చక్కగా చేసిందో చెబుతుంది. ఇది 10తో మొదలవుతుంది. కాలు వంగినా, అడుగు తడబడినా కోత పడుతుంది. సంగీతానికి అనుగుణంగా 90 సెకన్ల లోపు చేసే ఫ్లోర్ విభాగంలో కళాత్మకత లోపాలకు కూడా కోత ఉంటుంది. పరుగెత్తివచ్చి బల్ల మీదుగా దూకే వాల్ట్‌లో ఆ కోత లేదు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. క్లిష్టతను కూడుతూ పోతారు, కళ లోపిస్తే తీసివేస్తారు. అంటే కష్టమైన విన్యాసం మార్కును పెంచుతుంది, కళ మార్కును తగ్గకుండా కాపాడుతుంది.

పాఠ్యాంతర ప్రశ్న 1: ఒక క్రీడాకారిణికి క్లిష్టత మార్కు 5.2. ప్రదర్శనలో 1.3 కోత పడింది. మొత్తం ఎంత?

14.4 కోల్‌కతా నుంచి ఒక ఉదాహరణ

ప్రణతి నాయక్ పశ్చిమ మేదినీపూర్ జిల్లా పింగ్లాకు చెందిన బస్సు డ్రైవరు కుమార్తె. కోల్‌కతా సాల్ట్ లేక్‌లోని భారత క్రీడా ప్రాధికార సంస్థ కేంద్రంలో మినారా బేగం వద్ద శిక్షణ పొందింది. 2019, 2022 ఆసియా పోటీలలో వాల్ట్‌లో కాంస్య పతకాలు గెలిచింది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌కు భారత్ నుంచి వెళ్లిన ఏకైక జిమ్నాస్ట్ ఆమే. అక్కడ ఆమెకు వచ్చిన మార్కులు ఇవి:

వాల్ట్: 13.466
ఎత్తు తేడా గల బార్లు: 9.033
బీమ్: 9.433
ఫ్లోర్: 10.633
మొత్తం: 42.565

ఈ అంకెలను ఒకదానితో ఒకటి నేరుగా పోల్చకూడదు. వాల్ట్‌లో మార్కులు సాధారణంగా ఎక్కువగానే వస్తాయి. కాబట్టి ఆ ఒలింపిక్స్ ఫైనల్స్ విజేతల మార్కులతో పోల్చి చూద్దాం. వాల్ట్ విజేత రెబెకా ఆంద్రాదె (బ్రెజిల్) మార్కు 15.083. ఫ్లోర్ విజేత జేడ్ కేరీ (అమెరికా) మార్కు 14.366. ప్రణతికి వాల్ట్‌లో తేడా 1.617, ఫ్లోర్‌లో 3.733.

ఈ తేడా అంతా కళాలోపమే అనుకోకూడదు. ఫ్లోర్‌లోనూ గాలిలో వేసే మొగ్గలకు క్లిష్టత మార్కులుంటాయి. అయితే వాల్ట్ కొన్ని సెకన్లలో ముగుస్తుంది. ఫ్లోర్‌లో మొగ్గలు, నాట్యం, సంగీతం, ముఖభావం, ఊపిరి నిలుపుకోవడం అన్నీ కలవాలి. దానికి ఏళ్ల తరబడి సాధన, నృత్యం కూర్చేవారి సహాయం కావాలి. పైగా ఒలింపిక్స్‌కు ముందు కరోనా కాలంలో కేంద్రాలు మూతపడి ఆమె సాధనకు అంతరాయం కలిగింది.

మన హైదరాబాదు అమ్మాయి బుడ్డా అరుణారెడ్డి 2018లో మెల్‌బోర్న్ ప్రపంచ కప్‌లో కాంస్యం గెలిచింది కూడా వాల్ట్‌లోనే. వసతులు తక్కువైన చోట ఒక్క విభాగాన్నే పట్టుకుని సాధించడం తెలివైన దారి. ఫ్లోర్ సంగతి వెనుకబడటం దానికి చెల్లించే మూల్యం.

14.5 క్లిష్టతకు మూల్యం

అగర్తలాకు చెందిన దీపా కర్మాకర్ 2016 రియో ఒలింపిక్స్ వాల్ట్ ఫైనల్‌లో రెండు దూకులు చేసింది. రెండవది ప్రొదునోవా. ఇందులో గాలిలో ముందుకు రెండు మొగ్గలు వేసి పాదాలపై దిగాలి. దిగడంలో పొరపాటైతే మెడకే ప్రమాదం.

మొదటి దూకు: క్లిష్టత 6.0 + ప్రదర్శన 8.866 = 14.866
రెండవ దూకు: క్లిష్టత 7.0 + ప్రదర్శన 8.266 = 15.266
సగటు: 15.066

రెండవ దూకులో ప్రదర్శన 0.6 తగ్గినా, క్లిష్టత 1.0 పెరిగినందువల్ల 0.4 లాభం వచ్చింది. సాహసానికి మార్కుల విధానమే దారి చూపింది. దీపాకు నాలుగవ స్థానం లభించింది. కాంస్యానికి దూరం 0.150 మాత్రమే. 2017లో ఆమె మోకాలికి శస్త్రచికిత్స జరిగింది.

14.6 మంచు మీద ఇదే ప్రశ్న

మహిళల ఫిగర్ స్కేటింగ్‌లోనూ సాంకేతికతకు ఒక మార్కు, కూర్పుకు, భావ ప్రకటనకు మరొక మార్కు ఉంటాయి. 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో రష్యాకు చెందిన అలెగ్జాండ్రా త్రూసోవా ఒకే ప్రదర్శనలో గాలిలో నాలుగు చుట్లు తిరిగే దూకులు ఐదు చేసింది. అయినా రజతమే దక్కింది. ఆ దూకులు రెండే చేసిన అన్నా షెర్బకోవా స్వర్ణం గెలిచింది. ఒక్కటీ చేయని జపాన్ క్రీడాకారిణి కవోరి సకమోటో కాంస్యం పొందింది.

చిన్న వయసులో తేలికైన శరీరం గాలిలో సులభంగా తిరుగుతుంది. భావం పండటానికి మాత్రం వయసు, అనుభవం కావాలి. 2022లోనే అంతర్జాతీయ స్కేటింగ్ సమాఖ్య సీనియర్ పోటీల కనీస వయసును 15 నుంచి దశలవారీగా 17కు పెంచాలని నిర్ణయించింది. క్రీడాకారుల శారీరక, మానసిక ఆరోగ్య రక్షణే దీని ఉద్దేశం. దీనివల్ల కళ పండటానికి కూడా కొంత వ్యవధి దొరుకుతుంది.

14.7 మీరు నేర్చుకున్నది

• క్లిష్టతను లెక్కించడం సులభం, భావాన్ని లెక్కించడం కష్టం.
• దేనికి మార్కులు ఎక్కువో సాధన అటువైపు మొగ్గుతుంది.
• బలం, భావం శత్రువులు కావు. పళ్లెంపై పాదం కుదిరాకే నర్తకి ముఖంలో యశోద కనిపిస్తుంది. ఆ కుదురుకు కావలసిన కాలాన్ని, వసతులను అమ్మాయిలకు ఎవరు ఇస్తారన్నదే అసలు ప్రశ్న.

14.8 ముగింపు ప్రశ్నలు

1. ఫ్లోర్‌లో తేడా వాల్ట్‌లో కంటె ఎక్కువ కావడానికి రెండు కారణాలు రాయండి.
2. దీపా ఒక దూకులో 0.3 ఎక్కువ పొంది ఉంటే సగటు ఎంత అయ్యేది?
3. మీ ఊరి నృత్య పోటీకి మీరే న్యాయనిర్ణేత అయితే సాధనకు, అభినయానికి మార్కులు ఎలా పంచుతారు? కారణాలతో రాయండి.

జవాబులు

పాఠ్యాంతర ప్రశ్న 1: 5.2 + 8.7 = 13.9
ముగింపు ప్రశ్న 1: 14.4 చూడండి.
ముగింపు ప్రశ్న 2: 15.216. కాంస్యం గెలిచిన గియులియా స్టైన్‌గ్రూబర్ (స్విట్జర్లాండ్) మార్కు కూడా ఇంతే.
ముగింపు ప్రశ్న 3: మీ సొంత అభిప్రాయం రాయండి.