చెల్లీ, ఆ వేడి మజ్జిగతో దిగేది కాదు

నీకూ నలభై దాటాయి కదా చెల్లీ, కాసేపు కూర్చో, మాట్లాడుకుందాం.

మా నాచారంలో తెల్లారితే చాలు, టిఫిన్ డబ్బాలు పట్టుకుని ఇండస్ట్రియల్ ఏరియా వైపు నడిచే ఆడవాళ్లు ఎందరో. నా ఈడువాళ్లు ఎవరు కలిసినా ఒకటే మాట, "ఒంట్లో మస్తు వేడి చేసిందక్కా" అని. సబ్జా గింజలు నానబెట్టుకుని తాగుతారు, మజ్జిగ తాగుతారు, మామిడిపండు మానేస్తారు. అయినా వేడి దిగదు. సంక్రాంతి చలిలో అర్ధరాత్రి ఛాతీ దగ్గర సెగ మొదలై, మెడ మీదుగా ముఖానికి ఎక్కి, జాకెట్టు వీపంతా తడిసిపోయి, కాసేపటికే వణుకు పుట్టి మళ్లీ దుప్పటి లాక్కుంటున్నావా? అది తిండి వల్ల వచ్చిన వేడి కాదమ్మా. ఒంటి ఉష్ణోగ్రతను అదుపులో ఉంచే మెదడు భాగం, ఈస్ట్రోజన్ ఒడుదొడుకులకు తబ్బిబ్బవుతోంది. ముట్టు పూర్తిగా ఆగిపోవడానికి ముందు కొన్నేళ్లపాటు నడిచే ఈ దశనే డాక్టర్లు పెరిమెనోపాజ్ అంటారు.

మన దేశంలో ముట్టు ఆగేది సగటున 46, 47 ఏళ్లకి. పాశ్చాత్య దేశాల్లో అయితే 51. అంటే మనకు ఈ సూచనలు నలభై దాటగానే, కొందరికి అంతకు ముందే మొదలవుతాయి. "నాకు అప్పుడేనా?" అని తోసిపుచ్చకు.

అన్నిటికన్నా ముందు తేడా కనబడేది డేట్‌లోనే. ఇరవై ఎనిమిది రోజులకు వచ్చేది ఒకసారి ఇరవైకే వస్తుంది, ఇంకోసారి నలభై అయినా రాదు. గోడ మీద క్యాలెండర్లో పాల ప్యాకెట్ల లెక్క రాస్తావు చూడు, అక్కడే వచ్చిన రోజుకీ, ఆగిన రోజుకీ సున్నా చుట్టు. ప్యాడ్లు ఎన్ని మార్చావో పక్కన వేసుకో. డాక్టర్ దగ్గర "ఏదో తేడాగా ఉంది" అనే బదులు ఆ కాగితం చూపిస్తే సగం పని అయిపోతుంది.

నిద్ర పట్టకపోవడం, పిల్లల మీద అరిచేసి తర్వాత బాత్రూంలో ఏడవడం, ఫ్రిజ్ తెరిచి ఏం తీద్దామనుకున్నానో మర్చిపోవడం, కీళ్లు పట్టేయడం, గుండె దడ. ఇవీ ఇందులోవే కావచ్చు. థైరాయిడ్ కావచ్చు, రక్తహీనత కావచ్చు. అందుకే ఆ రెండు పరీక్షలూ, షుగరూ చూపించుకో. హార్మోన్ పరీక్ష ఒక్కటే చేయించి తేల్చేద్దామంటే కుదరదు, ఈ దశలో ఆ అంకె వారానికో తీరుగా ఉంటుంది. ఇంకో మాట, డేట్లు తప్పుతున్నాయి కదా అని జాగ్రత్తలు వదిలేయకు. పన్నెండు నెలలు వరసగా ముట్టు రాకపోతేనే ఆగినట్టు. అందాకా గర్భం నిలిచే అవకాశం ఉంది.

ఇక నా మనసులో ఉన్న అసలు మాట చెబుతాను. రక్తస్రావం ఎక్కువైందనగానే మన దగ్గర వినిపించే సలహా, "పిల్లలు పుట్టేశారుగా, ఇంకా గర్భసంచి ఎందుకు? తీయించేసుకో" అని. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్లలోపు ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద నూటికి 3.2 మంది. ఆంధ్రలో 8.9, తెలంగాణలో 7.7. ఈ అంకెలు చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో అనవసర ఆపరేషన్ల మీద డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన కేసులో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఇలాంటి ఆపరేషన్లను అరికట్టడానికి కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయమని అన్ని రాష్ట్రాలకూ చెప్పింది.

గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఏళ్ల తరబడి మెల్లగా జరగాల్సిన మార్పు రాత్రికి రాత్రే వచ్చి పడుతుంది. ఎముకలు గుల్లబారతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. వాటిని ఉంచినా, ఈ దశ ముందే ముంచుకొచ్చే అవకాశం ఎక్కువ. క్యాన్సర్ లాంటివాటికి ఆపరేషన్ తప్పదు, అప్పుడు వెనకాడొద్దు. ఉత్త రక్తస్రావానికైతే ముందు మాత్రలున్నాయి, గర్భసంచిలో అమర్చే హార్మోన్ పరికరం ఉంది. స్కానింగ్, లోపలి పొర పరీక్ష అయ్యాకే కత్తి మాట. వేడి ఆవిర్లు మరీ వేధిస్తే హార్మోన్ చికిత్స ఉంది. 2002లో అమెరికాలో వచ్చిన పరిశోధన చూసి అందరూ దానికి దడిసిపోయారు, కానీ అందులో పాల్గొన్నవాళ్ల సగటు వయసు 63. అరవై లోపు, ముట్టు ఆగి పదేళ్లు దాటని ఆరోగ్యవంతులకు మేలే ఎక్కువని ఇప్పుడు వైద్యుల మాట. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకు, రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లకు మాత్రం అది పనికిరాదు.

తిండి సంగతికొస్తే, మన పక్కనే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా. ముట్టు ఆగిన ఆడవాళ్లకు రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలంటుంది. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 ఉంటుంది. పొద్దున రాగి జావ, మధ్యాహ్నం పెరుగు, కూరలో ఇంత నువ్వుల పొడి, మీద కాస్త ఎండ. ఒంటికి బరువు ఎత్తే పని కూడా ఉండాలి. రాత్రి టీ మానెయ్, నూలు జాకెట్లు వేసుకో.

ఈఎస్‌ఐ కార్డు ఉంటే నాచారంలోనే ఆసుపత్రి ఉంది, ఒకపూట సెలవు పెట్టి వెళ్లు. గంటకో ప్యాడ్ తడుస్తున్నా, గడ్డలు గడ్డలుగా పడుతున్నా, ముట్టు ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క కనబడినా వచ్చే వారానికి వాయిదా వేయకు. ఎవరైనా ఆపరేషన్ అంటే, "ముందు మందులతో చూడలేమా డాక్టర్ గారూ? అండాశయాలు ఉంచుతారా?" అని అడుగు. జవాబు నచ్చకపోతే ఆ కాగితాలు తీసుకుని ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్దాం, నేనూ వస్తాను.