బ్యాటరీ తీగ విప్పి బిగించిన తరువాత మైలేజీ ఎందుకు తగ్గుతుంది?

2015 డిసెంబరు వరదలు చెన్నై వాహన యజమానులకు కొత్త జాగ్రత్తలు నేర్పాయి. భారీ వర్షసూచన వెలువడగానే వేళచ్చేరి వంతెనపై కార్లు బారులు తీరడం 2023 నాటి మిచాంగ్ తుపాను తరువాత మరీ పరిపాటి అయింది. కారును పల్లపు వీధిలోనే వదలవలసి వచ్చినవారిలో కొందరు బ్యాటరీ తీగ విప్పి ఉంచుతారు. సంక్రాంతికి నెల్లూరు, ఒంగోలు వైపు రైలెక్కే కుటుంబాలలోనూ ఈ అలవాటు ఉంది. తిరిగి వచ్చి తీగ బిగించాక మొదలవుతుంది అసలు చింత: లీటరుకు పదిహేను కిలోమీటర్లు నడిచిన బండి పన్నెండే చూపుతున్నది. మెకానిక్ సెన్సార్ మార్చాలంటాడు. డబ్బు చెల్లించే ముందు విషయం తెలుసుకోవడం మేలు.

నేటి పెట్రోలు ఇంజన్‌ను ఒక చిన్న కంప్యూటరు నడిపిస్తుంది. ఇథనాల్ కలపని పెట్రోలు ఒక పాలు పూర్తిగా మండడానికి బరువు లెక్కన సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి. ఇథనాల్ కలిస్తే ఈ నిష్పత్తి మారుతుంది. పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సార్ ఇచ్చే సమాచారాన్ని బట్టి కంప్యూటరు ఇంధనాన్ని క్షణక్షణం సవరిస్తూ, పదేపదే అవసరమైన సవరణలను జ్ఞాపకంలో దాచుకుంటుంది. మసి పట్టిన థ్రాటిల్‌ను ఎంత తెరిస్తే బండి నిలకడగా ఆగి ఉంటుందో కూడా అలాగే నేర్చుకుంటుంది. అనేక కార్లలో ఈ జ్ఞాపకం బ్యాటరీ విద్యుత్తుపైనే నిలుస్తుంది. తీగ విప్పితే అది చెరిగిపోయి, కంప్యూటరు కర్మాగారంలో అమర్చిన లెక్కలతో మళ్లీ ఓనమాలు దిద్దుతుంది. ఆటోమేటిక్ గేర్లున్న బండిలో గేరు మార్పులు కూడా కొన్నాళ్లు మొరటుగా ఉండవచ్చు. కొన్ని కొత్త కార్లలో మాత్రం ఈ సవరణలు బ్యాటరీ లేకున్నా చెరగవు.

అయితే ఇందువల్ల నిజంగా వృథా అయ్యే పెట్రోలు స్వల్పమే. సెన్సార్ వేడెక్కగానే క్షణిక సవరణ మొదలవుతుంది. మిగిలినది కొన్ని ప్రయాణాలలో సర్దుకుంటుంది. యజమానిని కలవరపెట్టేది చాలాసార్లు డ్యాష్‌బోర్డుపై కనిపించే అంకె. తీగ విప్పినప్పుడు కొన్ని కార్లలో పాత సగటు కూడా చెరిగిపోతుంది. అందులో నెల్లూరు రహదారిపై సాఫీగా సాగిన వందల కిలోమీటర్లు ఉండవచ్చు. కొత్త సగటులో ఉన్నవి అన్నాసాలై సిగ్నళ్లు, చల్లని ఇంజన్‌తో బడి దాకా చేసిన రెండు కిలోమీటర్ల ప్రయాణాలు. ఈ రెండింటినీ పోల్చడం న్యాయం కాదు.

అసలు లెక్క ట్యాంకు నింపి చూసుకోవాలి. పంపు తనంతట ఆగే వరకు నింపి, మామూలు దారుల్లోనే తిరిగి, మళ్లీ అదే బంకులో అలాగే నింపాలి. 480 కిలోమీటర్లకు 32 లీటర్లు పడితే మైలేజీ 15. రెండు ట్యాంకుల తరువాత కూడా తక్కువే ఉంటే కారణం వేరు. ముందు టైర్లలో గాలి చూడాలి. నీటిలో నిలిచిన కారుకు బ్రేకులు తుప్పుతో పట్టేసి చక్రాన్ని వదలకపోవచ్చు; కొంత దూరం నడిపాక ఒక చక్రం మాత్రమే మిక్కిలి వేడిగా ఉంటే అనుమానించాలి. గాలి ఫిల్టరు తడిసి ముద్దకావడం మరొక కారణం. హెచ్చరిక దీపం వెలిగినప్పుడు మాత్రం ఆలస్యం చేయక, కంప్యూటరులోని తప్పు సంకేతాన్ని చదివించాలి. సంకేతం చూడకుండా సెన్సార్ మార్చడం ఊహ మీద మందు వేయడమే.

తీగ విప్పేటప్పుడు తాళం ఆపి, నెగెటివ్ తీగను ముందుగా తీయాలి. బిగించేటప్పుడు దానిని చివరగా బిగించాలి. వరుస తప్పితే పాజిటివ్‌పై ఉన్న స్పానర్ కారు లోహానికి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి. ఇంజన్ దాకా నీరు చేరిన కారుకు మాత్రం తీగ బిగించరాదు, స్టార్ట్ చేయనూ రాదు. సిలిండరులో చేరిన నీరు గాలివలె అణగదు. ఒక్క ప్రయత్నానికే లోపలి కడ్డీలు వంగిపోగలవు. అటువంటి బండిని లాగించి వర్క్‌షాపుకు చేర్చాలి.